చర్మ క్యాన్సర్: ఎక్కడ వెతకాలి, అనుమానం వస్తే ఏమి చేయాలి

చర్మ క్యాన్సర్ గురించి వెతికితే ముందుగా కనిపించేవి తెల్లటి వీపుల మీద నల్లమచ్చల ఫొటోలు. వాటిని చూసి, ఇది తెల్లవాళ్ల జబ్బు, గంటల తరబడి ఎండలో పడుకునే వాళ్ల జబ్బు అని మనలో చాలామంది పక్కన పెట్టేస్తారు. మన దేశంలో ఇది తక్కువగా వస్తుందన్న మాట నిజమే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. కానీ మనవాళ్లకు వచ్చే చర్మ క్యాన్సర్లలో కొన్నిటికి ఎండతో పని లేదు. అవి అరికాలిలో, గోరు కింద, ఎప్పటిదో కాలిన మచ్చలో, లంగా బొందు ఒరుసుకునే నడుము మీద మొదలవుతాయి. అక్కడ ఎవరూ చూడరు. చూసినా ఆనెకాయ అనో, షుగరు పుండు అనో, చెప్పు కరిచిందనో అనుకుని నెలలు గడిపేస్తారు. ఒంటి లోపల ఎక్కడో కాదు, కంటికి కనిపించే చోట ఉన్న జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడటం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే దీన్ని మన ఒంటిని, మన ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి

డాక్టరు నోట మీరు వినే పేర్లు ముఖ్యంగా మూడు. బేసల్ సెల్ కార్సినోమా ఎక్కువగా ముక్కు, బుగ్గ, కనురెప్పల దగ్గర వస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. అలాగని వదిలేస్తే ఉన్నచోటే లోతుకు తొలుచుకుంటూ పోతుంది. స్క్వామస్ సెల్ కార్సినోమా మానని పుండుగానో, గరుకైన కండగానో కనిపిస్తుంది, మెడ, చంకలు, గజ్జల్లోని బిళ్లలకు (లింఫ్ గ్రంథులకు) పాకగలదు. మూడోది మెలనోమా. మూడింటిలో ఇదే తక్కువ మందికి వస్తుంది, ఇదే ఎక్కువ ప్రమాదకరం. మనవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించే చోటు పాదం.

నెలకోసారి ఒళ్లు చూసుకోండి

స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, కిటికీ వెలుతురులో కుర్చీ మీద కూర్చోండి. గోళ్ల రంగు ఉంటే తీసేయండి. గోరింటాకు, పారాణి పెట్టుకునే అలవాటు ఉంటే అవి వెలిసిపోయాక చూడండి. ఇవన్నీ అరికాలి మీది, గోళ్ల మీది మచ్చలను కప్పేస్తాయి. ఒక కాలు మోకాలి మీద వేసుకుని మడమ, పాదం అంచులు, వేళ్ల సందులు వేలితో విడదీసి చూడండి. వంగలేని పెద్దవాళ్లకు మనవడో మనవరాలో ఫోనుతో ఫొటో తీసి చూపించవచ్చు. ఏదైనా మచ్చ కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. నెల తరవాత అదే వెలుతురులో ఇంకో ఫొటో తీస్తే మార్పు ఉందో లేదో జ్ఞాపకం మీద ఆధారపడకుండా తెలుస్తుంది.

తరవాత అరచేతులు, గోళ్లు. ఆపైన నోటి లోపల, మాడు, చెవుల వెనక, వీపు, రహస్య భాగాలు. మాడు మీద చూడటానికి దువ్వెనతో పాయలు తీస్తూ ఇంట్లో ఎవరైనా సాయం చేయాలి. మంగలి షాపులోనూ, తల దువ్వే అమ్మ చేతిలోనూ ఇలాంటి మచ్చలు బయటపడుతుంటాయి. అలా ఎవరైనా చెబితే తేలిగ్గా తీసుకోవద్దు.

గోళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చామనఛాయ, నలుపు రంగు ఉన్నవాళ్లకు గోళ్ల మీద నిలువుగా గోధుమరంగు చారలు ఉండటం మామూలే. చాలా వేళ్లకు, ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న సన్నటి చారలకు సాధారణంగా భయపడనక్కర లేదు. ఒక్క వేలికే, ముఖ్యంగా బొటనవేలికి, పెద్ద వయసులో కొత్తగా చార వచ్చి అది వెడల్పు అవుతుంటే, రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా ఉంటే, నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికో గోరు మొదట్లోని చర్మం మీదికో పాకితే ఆగవద్దు. దెబ్బ తగిలి గోరు కింద రక్తం గడ్డకట్టినా నల్లగానే ఉంటుంది. తేడా ఏమిటంటే, రక్తం మచ్చ గోరుతోపాటే ముందుకు జరుగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, కాలిగోరు దాదాపు అందులో సగం పెరుగుతాయి. కాబట్టి మచ్చ వెనక అంచు దగ్గర గోరు మీద చిన్న గీత గీసి కొన్ని వారాలు గమనిస్తే, మచ్చ వెనక తేటగా ఉన్న కొత్త గోరు కనబడాలి. అలా కనబడకపోతే డాక్టరుకు చూపించండి.

గాయకుడు బాబ్ మార్లే జీవితంలో జరిగింది ఇదే. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద ఉన్నది మెలనోమా అని తేలింది. అంతకుముందు దాన్ని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. వేలు తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981లో, 36 ఏళ్లకే చనిపోయారు.

ఇక పాత మచ్చలు. చిన్నప్పుడు వేడినీళ్లో, కిరోసిన్ స్టవ్వో కాల్చిన చోట చర్మం గట్టిపడి, మోకాలు, మోచేయి లాంటి మడతల దగ్గర తరచూ పగులుతుంటుంది. దశాబ్దాల తరవాత అక్కడ మానని పుండు పడితే అది క్యాన్సర్ కావచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు మార్జోలిన్ 1828లో మచ్చల్లో పుట్టే ఇలాంటి పుండ్ల గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే వీటిని పిలుస్తారు. కుష్ఠు వల్ల అరికాలిలో ఏళ్లుగా ఉన్న పుండు, ఎముకలోంచి చీము కారే పాత గాయం కూడా ఈ కోవలోవే. పుండు అంచులు పైకి లేచినా, ముట్టుకుంటే రక్తం వచ్చినా, దుర్వాసన పెరిగినా పాత పుండే కదా అని కట్టు మార్చుకుంటూ కూర్చోకండి.

నడుము మీద కూడా చూడండి. చీర కట్టుకునే ఆడవాళ్లకు లంగా బొందు, మగవాళ్లకు పంచె ముడి ఏళ్ల తరబడి ఒకేచోట బిగిసి చర్మం నల్లబారి, పొట్టు లేస్తుంది. అరుదుగా అక్కడ స్క్వామస్ సెల్ కార్సినోమా వస్తుంది. దీన్ని మన దేశపు డాక్టర్లే చీర క్యాన్సర్, పంచె క్యాన్సర్ అనే పేర్లతో వైద్య పత్రికల్లో నమోదు చేశారు. సన్నటి తాడు బదులు వెడల్పాటి పట్టీ వాడటం, బొందు రోజూ ఒకేచోట కాకుండా కాస్త పైకీ కిందికీ మార్చి కట్టుకోవడం మంచిది.

దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర లేదు

యాభై దాటినవాళ్ల ముఖం మీద, మెడ మీద వచ్చే చిన్న చిన్న నల్ల బొడిపెలు, మెత్తటి తోలు తిత్తులు దాదాపు ఎప్పుడూ అపాయం లేనివే. పుట్టినప్పటి నుంచి మారని పుట్టుమచ్చా అంతే. మారుతున్న మచ్చ వేరు. ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం, అంచులు చెదిరినట్టు ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు, వారాల్లోనో నెలల్లోనో కనిపించే మార్పు, దురద, రక్తం. వీటిలో మార్పు అన్నిటికంటే ముఖ్యం.

ముక్కు పక్కన నల్లగా మెరిసే చిన్న గడ్డ, మధ్యలో గుంటపడి, చెక్కు కట్టి, ఊడి, మళ్లీ చెక్కు కడుతుంటే అది పుట్టుమచ్చ కాకపోవచ్చు. మన చర్మంలో బేసల్ సెల్ కార్సినోమా చాలాసార్లు నల్లగానే ఉంటుంది.

షుగరు ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మెలనోమా ఎప్పుడూ నల్లగానే ఉండదు, అరికాలిలో ఎర్రటి కండలా కూడా పెరుగుతుంది. షుగరు అదుపులో ఉండి, కాలికి రక్తం బాగానే అందుతూ, పాదం మీద బరువు పడకుండా చూసుకుంటున్నా పుండు నాలుగు వారాల్లో మానే దారి పట్టకపోతే, "దీనికి ముక్క పరీక్ష (బయాప్సీ) చేద్దామా డాక్టరు గారూ" అని మీరే అడగండి. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు.

జన్మతః తెల్లటి చర్మం, తెల్లటి జుట్టు ఉన్నవాళ్లు, మూత్రపిండం మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఎండ విషయంలో నిజంగా జాగ్రత్తగా ఉండాలి. ఇంకొకరూ ఉన్నారు. రెండేళ్లు నిండకముందే ముఖం నిండా నల్లటి చుక్కలు, కాసేపు ఎండ తగిలితేనే కందిపోవడం, వెలుగు చూడలేక కళ్లు మూసుకోవడం ఉన్న పిల్లలకు జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వారసత్వ జబ్బు ఉండవచ్చు. మేనరికాల్లో, దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలకు దీని అవకాశం ఎక్కువ. వీరికి చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. తల్లిదండ్రులు ఒకరినొకరు నిందించుకోవడం కంటే, బిడ్డను వెంటనే చర్మ వైద్యులకు చూపించి, నిండు చేతుల బట్టలు, టోపీ, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, కిటికీలకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్ము ఏర్పాటు చేయడం మొదటి పని.

ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాళ్లకు చిన్న సూచన. అక్కడ చర్మ పరీక్షలు విరివిగా చేస్తారు. వెళ్లినప్పుడు వీపుతో ఆపకుండా అరికాళ్లు, గోళ్లు కూడా చూడమని అడగండి.

ఎవరికి చూపించాలి, ఏమి చేయించకూడదు

మొదట చర్మ వైద్య నిపుణులకు చూపించండి. హైదరాబాదు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. చాలామంది డెర్మోస్కోప్ అనే చేతి పరికరంతో మచ్చను పెద్దదిగా చేసి చూస్తారు. నొప్పి ఉండదు.

రోగం తేలకుండా మచ్చను చెరపవద్దు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పులిపిరి అనుకుని సున్నం, సోడా పెట్టి కాల్చడం, వెంట్రుకతో బిగించి కట్టడం, బ్యూటీ పార్లర్‌లో లేజర్ చేయించడం వల్ల పైన మచ్చ పోతుంది, కింద జబ్బు ఉంటే ఉండిపోతుంది. పైగా పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. ఏ డాక్టరు మచ్చ కోసి తీసినా, అది ఎంత చిన్నదైనా, ల్యాబుకు పంపమనండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు ఎరుపును, దురదను కొన్నాళ్లు అణచి మోసం చేస్తాయి, వాటినీ మానండి.

ముక్క పరీక్షకు భయపడకండి

కత్తి పెడితే పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. ఆ భయంతోనే ఏడాది ఆగి, గజ్జల్లో బిళ్లలు కట్టాక వచ్చేవాళ్లు ఉన్నారు. చర్మ క్యాన్సర్‌లో సరిగ్గా చేసిన ముక్క పరీక్ష వల్ల జబ్బు పాకదు. పాకేది ఆలస్యం వల్ల.

జరిగేది ఇంతే. చుట్టూ మత్తు సూది వేస్తారు, ఆ చురుకు కొద్ది క్షణాలు ఉంటుంది. గుండ్రటి బ్లేడుతో పెసరగింజంత ముక్క తీసి, ఫార్మలిన్ ఉన్న చిన్న సీసాలో వేస్తారు. ఒకటి రెండు కుట్లు. సీసా మీద మీ పేరు, ఏ వైపు, ఏ చోటు అన్నది సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. మెలనోమా అనుమానం ఉంటే వీలైనంతవరకు మచ్చ మొత్తాన్ని సన్నటి అంచుతో తీసి పంపుతారు. అరికాలిలో పెద్దగా ఉంటే బాగా మందంగా ఉన్నచోట ముక్క తీస్తారు. పైపైన గీకి తీసిన ముక్కతో లోతు తెలియదు.

రిపోర్టుతోపాటు ఇంకో రెండు అడిగి తీసుకోండి: గాజు స్లైడులు, మైనపు బ్లాకు. ముక్కను మైనంలో అమర్చిన ఆ చిన్న బ్లాకు నుంచే తరవాత అదనపు పరీక్షలు, జన్యు పరీక్షలు చేస్తారు. పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు అవి చేతిలో ఉంటే మళ్లీ కోయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. ఎండలో, వేడి బండిలో పెట్టవద్దు, మైనం కరుగుతుంది.

రిపోర్టు మెలనోమా అని వస్తే ముందుగా చూడాల్సిన అంకె బ్రెస్లో మందం. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో చూపించిన కొలత అది, జబ్బు చర్మంలో ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చెబుతుంది. 1 లోపు ఉంటే చాలా మంచి మాట. పుండు పడిందా, అంచుల్లో జబ్బు మిగిలిందా అన్నవి తరవాతి ప్రశ్నలు. స్క్వామస్ రకమైతే లోతు, నరాల వెంట పాకిందా అన్నది అడగండి.

చికిత్స ఎలా సాగుతుంది

చాలామందికి ఆపరేషనే ప్రధాన చికిత్స. చిన్న బేసల్ సెల్ కార్సినోమాను చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి తీసేస్తే చాలావరకు అక్కడితో అయిపోతుంది. దీనికి పెట్ స్కాన్ (జబ్బు ఒంట్లో ఎక్కడికైనా పాకిందేమో వెతికే స్కాన్) అవసరం ఉండదు, ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి. మెలనోమాలో మందాన్ని బట్టి చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్లు తీస్తారు. మందం 0.8 మిల్లీమీటర్లు దాటినా, పుండు పడినా సెంటినల్ నోడ్ పరీక్ష గురించి మాట్లాడతారు. అంటే జబ్బు పాకితే మొదట చేరే బిళ్లను కనుక్కుని, దాన్ని మాత్రమే తీసి చూడటం.

గోరు కింది జబ్బుకు వేలి కొస, కొన్నిసార్లు వేలు తీయాల్సి రావచ్చు. మడమ మీదైతే తొడ నుంచి చర్మం తెచ్చి అతకడమో, దగ్గరి కండతో కప్పడమో చేస్తారు. నడక గురించి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో మాట్లాడండి. ఎన్ని వారాలు కాలు మోపకూడదు, ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, పొలం పనికి ఎప్పుడు వెళ్లవచ్చు. షుగరు రోగులకు ఇచ్చే ఎమ్‌సీఆర్ రబ్బరు చెప్పులు ఇక్కడా పనికొస్తాయి.

ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు రేడియేషన్ ఒక దారి. జీరోడెర్మా ఉన్న పిల్లలకు మాత్రం అది సాధారణంగా వద్దంటారు.

పాకిన మెలనోమాకు 2010 వరకు పెద్దగా మందులు లేవు. 2011లో అమెరికాలో ఇపిలిముమాబ్‌కు, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు అనుమతి వచ్చాక పరిస్థితి మారింది. మన రోగనిరోధక కణాలకు పడిన కళ్లేన్ని వదులు చేసే ఈ మందులకు దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, అరికాలి మెలనోమాలో ఇవి మిగతా చర్మపు మెలనోమాలో కంటే తక్కువ మందికి పనిచేస్తాయి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. బ్రాఫ్, కిట్ అనే జన్యువుల్లో మార్పులు ఉన్నాయేమో పరీక్ష చేయించి, వాటికి తగిన మాత్రలు పనికొస్తాయేమో చూస్తారు. ఇమ్యునోథెరపీ (పైన చెప్పిన, రోగనిరోధక కణాల కళ్లేన్ని వదులు చేసే మందులు) తీసుకుంటున్నప్పుడు విరేచనాలు, ఆయాసం, విపరీతమైన నీరసం, పచ్చకామెర్లు వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోవద్దు, అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయండి.

డబ్బు, కాగితాలు, ప్రయాణం

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో టాటా సంస్థలు, టీటీడీ సహకారంతో వచ్చిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ కేంద్రం మనకు అందుబాటులో ఉన్న పెద్ద చోట్లు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. ఆధార్, రేషన్ కార్డు, ముక్క పరీక్ష రిపోర్టు తీసుకుని ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరకు వెళ్లండి. అనుమతి రాకముందే డబ్బు కట్టి ఆపరేషన్ చేయించుకుంటే తరవాత తిరిగి రాబట్టుకోవడం కష్టం. పథకంలో లేని మందు రాస్తే ముఖ్యమంత్రి సహాయనిధికి, ప్రధానమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చు, మందు కంపెనీల సహాయ పథకాల గురించి కూడా డాక్టరునే అడగండి.

రైలు ప్రయాణానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో క్యాన్సర్ రోగులకు రాయితీ ఉంది. స్లీపర్‌లో, మూడో ఏసీలో రోగికి టికెట్టు ఉచితం, తోడు వెళ్లే ఒకరికి కూడా రాయితీ వస్తుంది.

ఇంట్లో వాళ్లు చేయాల్సింది

రోగికి చెప్పకుండా దాచడం మన ఇళ్లలో ప్రేమగా సాగిపోతుంది. నేను దాన్ని సమర్థించలేను. వేలు తీయించుకోవాలా వద్దా అని నిర్ణయించుకోవాల్సిన మనిషికి, ఎందుకు తీస్తున్నారో తెలియాలి. ఒకేసారి అన్నీ చెప్పక్కర లేదు. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది" అని అడిగి, అంతవరకు చెప్పండి. నిద్ర పట్టక, దిగులుతో కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇది అంటువ్యాధి కాదు. కంచం, మంచం వేరు చేయవద్దు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు పడదని కోత మానకముందే పథ్యం పెట్టేవాళ్లు చాలామంది. అతికిన చర్మం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, డాక్టరు వద్దనకపోతే అన్నీ పెట్టండి.

జబ్బు ముదిరి పుండు వాసన వేస్తుంటే మనిషి నలుగురిలోకి రాలేక ముడుచుకుపోతాడు. మెట్రోనిడజోల్ పొడి లేదా జెల్, బొగ్గు పట్టీ వాసనను బాగా తగ్గిస్తాయి, నర్సును అడగండి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. 2014లో చట్టం సవరించాక వాటిని ఇవ్వడం సులువైంది. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే వ్యసనం అవుతుందని భయపడక్కర లేదు, మలబద్ధకానికి మాత్రం పక్కనే మందు వాడాలి. ఎమ్‌ఎన్‌జేలో పాలియేటివ్ (నొప్పిని, బాధను తగ్గించే) విభాగం ఉంది, హైదరాబాదులోని స్పర్శ్ హాస్పిస్ జబ్బు ముదిరినవాళ్లను ఉచితంగా చూసుకుంటుంది. ఈ విభాగానికి వెళ్లడమంటే చికిత్స మానేయడం కాదు, రెండూ కలిపి సాగించవచ్చు.

చికిత్స అయ్యాక

మెలనోమాకు మొదటి రెండేళ్లు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్లాలి. ఆ తేదీలను క్యాలెండర్లో రాసి గోడకు తగిలించండి. గజ్జల్లో బిళ్లలు తీసినవాళ్లకు కాలు వాయవచ్చు, ఎలాస్టిక్ మేజోడు వేసుకోవడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం, చెప్పులు లేకుండా నడవకపోవడం ముఖ్యం. నెలకోసారి స్నానంలో సబ్బు చేత్తో మెడ, చంకలు, గజ్జలు తడిమి చూసుకోండి, కోత గీత పక్కన కొత్త నల్లచుక్క ఉందేమో చూడండి. గట్టిగా, కదలకుండా బిళ్ల తగిలితే తరవాతి తేదీ వచ్చే వరకు ఆగకండి, ఆ వారంలోనే పాత రిపోర్టులతో వెళ్లి చూపించండి.